ఎక్స్ఛేంజి ఆంటీ, బాలాజీ పిల్లులు

పోయిన నెలలో ఎక్స్ఛేంజి ఆంటీని సమాధి చేసి, చేతికంటిన మట్టి ఇంకా కడుక్కోకముందే చర్చి సంఘపెద్దలు సిమెంటు గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. మట్టి అలా వదిలేస్తే ప్రమాదమనీ, సమాధుల తోటలోకి కబర్ బిజ్జులు వస్తున్నాయనీ, రేపే పైన స్లాబు పోసేయాలనీ వాళ్ళ తీర్మానం.

కబర్ బిజ్జు అంటే ఏమిటో భిలాయి బయటివాళ్ళకి చెప్పాలి. పిల్లికన్నా కాస్త పొడుగ్గా, నల్లగా, బారెడు తోకతో ఉండే జంతువు. పగలంతా మన పైకప్పుల్లో పడుకుంటుంది. చీకటి పడ్డాక చెట్లెక్కి పళ్ళు తింటుంది. ఎలుక దొరికితే అదీ తింటుంది. అంతకుమించి దాని జీవితంలో విశేషాలేమీ లేవు. కానీ ఇక్కడి హిందీవాళ్ళు పెట్టిన పేరులోనే సమాధి ఉంది. అది సమాధులు తవ్వి శవాలు తింటుందని అందరి నమ్మకం. అలాంటి పేరు పడ్డాక ఇక దాని మాట ఎవరు వింటారు?

"బిజ్జు వచ్చి ఆవిణ్ణి తవ్వితే సంఘానికి ఎంత అప్రదిష్ట?" అన్నాడు సంఘపెద్ద.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశాను, కుదరలేదు. దుఃఖం ఎక్కువైతే కొందరికి అలాగే అవుతుందని చెప్పి ఒకాయన నా వీపు నిమిరాడు. దుఃఖం ఉన్న మాట నిజమే. కానీ నవ్వు వచ్చింది వేరే సంగతికి. ఆ మట్టికింద పడుకున్న మనిషి రెండేళ్ళ కిందట బిజ్జు పిల్లల్ని పాలు పట్టి పెంచింది. సెక్టర్ 4లో మా బ్లాకు దాటి ఆ కబురు బయటికి పోలేదు. సంఘంలో ఎవరికీ చెప్పొద్దని ఆవిడే అంది.

ఆవిడకి పేరుంది. రికార్డుల్లో ఉండేది, బాప్తిస్మం ఇచ్చినవాళ్ళకి తెలిసుండేది. పక్క క్వార్టర్లో ఉండే మాకు మాత్రం ఎక్స్ఛేంజి ఆంటీ. బొబ్బిలి దగ్గర్నుంచి చిన్న వయసులో వచ్చి, సర్వీసంతా ఇక్కడి స్టీలు ప్లాంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే "లైను బిజీ" అనేది. ప్లాంటులో వేలమందికి ఆవిడ గొంతు తెలుసు, ముఖం తెలీదు. కూరగాయల బజార్లో ఆవిడ "కిలో టమాటర్" అనగానే పక్కనున్న రిటైర్డు ఫోర్‌మన్ ఒకాయన తనకి తెలీకుండానే నిటారుగా నిలబడటం నేను చూశాను.

ఆవిడ రిటైరైంది గాని గొంతు రిటైరు కాలేదు. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుతున్నా, మాట అయిపోయిందనుకుంటే ఫోను పెట్టేసినట్టే "పెట్టీస్తన్నాను" అని లోపలికి పోయేది. పెళ్ళిలో అక్షింతలు వేసి పెళ్ళికొడుకుతో "పెట్టీస్తన్నాను" అనేది. ఆస్పత్రిలో రోగిని చూడ్డానికి వెళ్ళి అదే మాట అంటే రోగి కంగారుపడేవాడు. మనం మాట్లాడుతుండగా లోపల కుక్కరు కూసిందనుకోండి, "హోల్డ్ చెయ్యి" అని పోయేది. పప్పు దింపి, పోపు పెట్టి, తీరిగ్గా వచ్చి, ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కణ్ణుంచి మొదలుపెట్టేది. ఆ కాసేపూ మనం గేటు దగ్గర హోల్డులో ఉండాలి. వెళ్ళిపోయినవాళ్ళని క్షమించేది కాదు.

అన్నిటికంటె గట్టి రూలు ఇంకొకటుంది. మధ్యలో లైను తెగితే ముందు ఫోను చేసినవాళ్ళే మళ్ళీ చెయ్యాలి. ఇద్దరూ చేసుకుంటే ఇద్దరికీ ఎంగేజ్ వస్తుంది గనక, ఎక్స్ఛేంజిలో అది మంచి రూలే. ఆవిడ దాన్ని ఇంటికి కూడా తెచ్చుకుంది. పక్కనే జాముల్‌లో ఉండే సొంత అక్కతో ఒకసారి ఫోనులో మాటామాటా అనుకున్నారు. మధ్యలో లైను తెగింది. "చేసింది అక్క. అక్కే చెయ్యాల" అని ఈవిడ కూర్చుంది. పెద్దదాన్ని నేనెందుకు చెయ్యాలని అక్క కూర్చున్నట్టుంది. ఏళ్ళు గడిచాయి. అక్క పోయిందని ఆమె కొడుకు ఫోను చేశాడు. ఆంటీ వెళ్ళి, మట్టి వేసి, తిరిగొచ్చి, మా గేటు దగ్గర కాసేపు ఊరికే నిలబడింది. ఆ రోజు మాత్రం "పెట్టీస్తన్నాను" అనకుండానే లోపలికి పోయింది. ఆ రూలు పెట్టినవాడెవడో దొరికితే తన్నాలనిపించింది నాకు.

జంతువులంటే ఆవిడకి బొత్తిగా పడదు. కుక్కని అదిలించేది, పిల్లి మీద చెప్పు విసిరేది. "ఈ ఇంట్లో ప్రాణం అన్నది నాదొక్కటే చాలు" అనేది. అలాంటి మనిషి ఒక మే నెల పొద్దున్న గేటు దగ్గర నిలబడి నన్ను పిలిచింది.

"ఏరా, ఇలా రా. ఎనకాల షెడ్డులో ఎవరిదో ఫోను మోగుతోంది. ఎంత ఎతికినా దొరకట్లేదు."

వెనక రేకుల షెడ్డులో పాత ట్రంకు పెట్టెలు, విరిగిన కుర్చీలు ఉంటాయి. నిజంగానే కీచుకీచుమని సన్నగా ఏదో మోగుతోంది. మూత సరిగ్గా పడని పెట్టె ఒకటి తెరిచాను. చిరిగిన బొంత మడతల్లో మూడు నల్లటి పిల్లలున్నాయి. కళ్ళింకా తెరవలేదు.

"ఫోను కాదు ఆంటీ. బిజ్జు పిల్లలు."

"తల్లేది?"

ముందురోజు మా బ్లాకు ఎదుట రోడ్డు మీద బండి కింద పడి చచ్చిపోయిన బిజ్జుని ఇద్దరం చూశాం. అదే అయ్యుంటుందన్నాను. ఆంటీ పెట్టె వైపు చాలాసేపు చూసింది. ఎక్స్ఛేంజిలో రిలీవరు, అంటే తరవాతి షిఫ్టు మనిషి, వచ్చి కుర్చీలో కూర్చునేదాకా బోర్డు వదిలి లేవకూడదు. నిప్పంటుకున్నా లేవకూడదని చెప్పేది.

"రిలీవరు రాకుండా సీటు వదిలీసింది" అంది. "ఎవరో ఒకరు చార్జి తీసుకోవాల."

అలా అని నా వైపు చూసింది. ఆ చూపులో నేను పనికిరానని తేలిపోయినట్టుంది. చీర కొంగు దోపుకుని పెట్టె ముందు తనే కూర్చుంది.

నేను ఫారెస్టు ఆఫీసుకి ఫోను చేశాను. మంచి మనిషి ఒకతను వచ్చాడు. చచ్చిపోయింది వేరేదైతే తల్లి తిరిగొస్తుందేమో, ఒక రాత్రి ఆగి చూద్దామన్నాడు. రాలేదు. అప్పుడు కూర్చుని అన్నీ చెప్పాడు. ముందు వెచ్చదనం, తరవాతే పాలు. ఒళ్ళు చల్లగా ఉన్న పిల్లకి పాలు పడితే అరగవు, ప్రాణం మీదికొస్తుంది. మనిషి పిల్లల్లా వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు, పొలమారుతుంది. బోర్లా ఉంచి చుక్కచుక్కగా పట్టాలి. ఆవుపాలు వద్దు, సుపేలా బజార్లో పిల్లికూనల కోసం పాలపొడి దొరుకుతుంది. తాగాక తడిదూదితో కింద తుడిస్తేనే ఒంటికి పోస్తాయి, తల్లి నాకి చేసే పని అదే. ఇవన్నీ చెప్పి చివర్న, పేర్లు పెట్టొద్దు, ముద్దు చెయ్యొద్దు, వాటితో మాట్లాడొద్దు అన్నాడు. మనిషి గొంతు అలవాటైతే పెద్దయ్యాక మనుషుల దగ్గరికి వస్తాయట. బిజ్జు దగ్గరికొస్తే జనం కర్ర తీస్తారు.

"అస్సలు మాట్లాడకూడదా?" అని హిందీలో అడిగింది ఆంటీ.

"ఒక్క మాట కూడా వద్దు, మేడమ్."

"ఎక్స్ఛేంజిలో మాకూ అదే రూలు" అంది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో షిఫ్టులు మొదలయ్యాయి. ఎ షిఫ్టు, సి షిఫ్టు ఆవిడవి. బి షిఫ్టుకి మనిషి లేక అదీ ఆవిడే చేసేది. నాకు జనరల్ షిఫ్టు ఇచ్చింది. అంటే బజారుకి పోయి రావటం. వేడినీళ్ళ సీసాకి తన పాత స్వెట్టరు చుట్టి పెట్టెలో పెట్టేది. కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, ఒక్కో పిల్లనీ తువ్వాలు మీద బోర్లా పెట్టి, సూది తీసేసిన సిరంజితో పాలు పట్టేది. నోరు మాత్రం విప్పేది కాదు. పెదాలు కదిలేవి, మాట వచ్చేది కాదు. వాటిని వదిలి గుమ్మం బయటికి వచ్చాకే నాతో మాట్లాడేది. "గుంటలు తాగినాయి. చిన్నది అంతగా తాగలేదు." గుంటలు అంటే మా వైపు చిన్నపిల్లలు. పేరు పెట్టొద్దన్నారు గనక అంతకు మించి పిలవలేదు.

ఆ చిన్నది నిలవలేదు. ఒక పొద్దున్న నేను వెళ్ళేసరికి దాన్ని రుమాల్లో చుట్టి పెట్టుకుని కూర్చుంది.

"ఒక లైను డెడ్" అంది.

పెరట్లో జామచెట్టు కింద గొయ్యి తవ్వమంది. జానెడు తవ్వి ఆగాను. ఇంకా లోతు తియ్యమంది. మూరెడు తీశాను. ఇంకా అంది.

"ఇంత చిన్నదానికి ఇంత గొయ్యెందుకు ఆంటీ?"

"దీన్ని ఎవరూ తవ్వకూడదు" అంది.

మట్టి కప్పి, చేతులు కడుక్కుని, మిగిలిన రెండిటికీ పాలు కలిపింది. కొంగు భుజాల నిండా కప్పుకుని సిరంజి పట్టుకుంది. నేను చూడటం చూసి, బయటికొచ్చాక "చలి" అంది. భిలాయిలో మే నెల. ఆ క్షణంలో ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో తెలిసింది, చెప్పే వీలు మాత్రం లేదు.

రెండూ కళ్ళు తెరిచిన వారంలోనే కబురు పైకి పాకింది. పై క్వార్టరాయనకి కొత్తగా మనవరాలు పుట్టింది. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు.

"దీదీ, బిజ్జు హై యే. కబర్ ఖోద్‌తా హై. హమారే ఘర్ మేఁ ఛోటీ బచ్చీ హై" అన్నాడు. సమాధులు తవ్వేది కింద ఉంటే ఇంట్లో పసిపిల్లకి ప్రమాదమనీ, సాయంత్రంలోగా తీసేయకపోతే జంతువుల్ని పట్టుకుపోయే గోనెసంచీ వాణ్ణి పిలుస్తాననీ అన్నాడు. గోనెసంచీ వాడు వాటిని ఎక్కడ వదులుతాడో, వదిలేముందు ఏం చేస్తాడో అందరికీ తెలుసు. కళ్ళు తెరిచాయన్న మాటేగాని పాలు తప్ప ఏమీ ఎరగవు. ఇల్లు దాటితే ఆ రాత్రి గడవదు.

అన్నిటికంటె చిక్కు, మా అమ్మ ఆయన పక్షం. శవాలు తినేదాన్ని ఇంట్లో పెట్టుకున్నదని ఆంటీ గుమ్మం తొక్కటం మానేసింది. నేను అక్కణ్ణుంచి వస్తే స్నానం చెయ్యందే వంటింట్లోకి రానిచ్చేది కాదు. మా బ్లాకులో అమ్మ మాటే చెల్లుతుంది. ఆడవాళ్ళ భజన మండలి అమ్మదే.

ఆ మధ్యాహ్నం ఆంటీ మా గేటు దగ్గరికి వచ్చింది. పిలవకుండా ఎవరింటికీ రాని మనిషి. అమ్మ వరండాలో కందిపప్పు ఏరుతోంది.

"వదినా, ఒక మాట."

"చెప్పమ్మా, అక్కణ్ణుంచే చెప్పు" అంది అమ్మ.

"అది కబర్ బిజ్జు కాదు. ఈ హిందీవోళ్ళకేటి తెలుసు. మన తెలుగులో దాన్ని పునుగు పిల్లంటారు."

అమ్మ చెయ్యి పప్పులో ఆగిపోయింది. శుక్రవారం అభిషేకం తరవాత తిరుమల స్వామివారి విగ్రహానికి పునుగు తైలం పూస్తారు. ఆ తైలం పునుగు పిల్లి నుంచే వస్తుంది. అమ్మకి ఇది తెలుసు, కానీ ఆ పిల్లిని ఎప్పుడూ చూడలేదు.

"స్వామివారి పునుగా?"

"అదే. పెట్టీస్తన్నాను."

చాట కింద పెట్టి అమ్మ లేచింది. ముందు ఆంటీ షెడ్డులోకి వెళ్ళి పెట్టెలోకి తొంగి చూసింది. భయపడితే వాటి ఒంట్లోంచి బాస్మతి అన్నం ఉడుకుతున్నట్టు వాసన వస్తుంది. అమ్మకి అది ప్రసాదం వాసనగా తగిలింది. ఇక రుజువులు అక్కర్లేకపోయాయి. అట్నుంచి అటే మెట్లెక్కి పై క్వార్టరు తలుపు తట్టింది. ఇన్నేళ్ళు భిలాయిలో ఉన్నా అమ్మ హిందీ అమ్మదే.

"ఏ బిజ్జు నై, భయ్యా. ఏ బాలాజీ కా బిల్లీ. తుమ్ ఇస్‌కో భగాయేగా తో తిరుపతి మే క్యా మూ దిఖాయేగా?"

బాలాజీ పిల్లిని తరిమేసి తిరుపతిలో ఏ మొహం చూపిస్తావని అమ్మ ప్రశ్న. వాళ్ళు మనవరాలికి తిరుపతిలోనే గుండు చేయిద్దామనుకుంటున్నారు. సాయంత్రానికి గోనెసంచీ వాడికి బదులు పై క్వార్టరాయన అరటిపళ్ళ అత్తం పట్టుకుని దిగాడు. పెట్టె ముందు చేతులు జోడించి, మనవరాలి పేరు చెప్పి వెళ్ళాడు.

అలా బి షిఫ్టుకి అమ్మ దొరికింది. మాట్లాడకూడదన్న రూలు అమ్మకి కష్టమైంది గాని, గోవింద నామాలు మనసులోనే చదువుకునేది. ఒకరోజు కుంకుమ భరిణె పట్టుకెళ్ళింది.

"వదినా, మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బొట్టు వద్దు" అంది ఆంటీ. "నేను మాత్రం బాప్తిస్మం ఇస్తన్నానేటి?"

అమ్మ ఆలోచించి, న్యాయంగానే ఉందని భరిణె మూసేసింది.

ఫారెస్టు మనిషి రెండోసారి వచ్చినప్పుడు ఈ తైలం సంగతి చెబితే నవ్వాడు. తైలం ఇచ్చేది దీనికి దాయాది లాంటిది, నేల మీద తిరుగుతుంది, ఇది చెట్లమీది జాతి, దీని నుంచి స్వామివారికి ఏమీ వెళ్ళదు అన్నాడు. అతణ్ణి పంపేసి నేను ఆంటీకి చెప్పాను.

"తెలుసు" అంది.

నేను తెల్లబోయాను. పాస్టరుగారు వాక్యం నెంబరు తప్పు చదివితే లేచి నిలబడి సరిదిద్దే మనిషి ఆవిడ. ఆవిడ నోట అబద్ధం నేనెప్పుడూ వినలేదు.

"తెలిసే చెప్పారా?"

"రాంగ్ నెంబరు ఇచ్చినాను" అంది. "ఎత్తవలసినోళ్ళు ఎత్తినారు కదా. మీ అమ్మకి చెప్పకు."

ఇప్పటికీ చెప్పలేదు.

వానలు పడ్డాక అవి రేకుల మీదికెక్కటం మొదలుపెట్టాయి. రేకుల మీదికి మామిడికొమ్మ ఒకటి వంగి ఉంటుంది. తల్లి ఆ దారినే వచ్చి ఉంటుంది. షెడ్డు తలుపు తీసి ఉంచమన్నాడు ఫారెస్టు మనిషి. కొన్నాళ్ళు చీకటి పడుతూనే వెళ్ళి, కంచంలో పెట్టిన అరటిపండు ముక్కల కోసం తిరిగొచ్చేవి. తరవాత ఒకటి రావటం మానేసింది. తరవాత రెండోదీ రాలేదు. ఆంటీ కంచం చేత్తో పట్టుకుని షెడ్డు ముందు నిలబడి ఉంది. పళ్ళముక్కలు నల్లబడిపోయాయి.

"పెట్టీస్తన్నానని ఒక్క మాట అన్లేదు" అంది.

"మీరు మాత్రం వాటితో ఒక్క మాట మాట్లాడారా ఆంటీ?"

"నేను ఆపరేటర్ని రా. లైను కలిపీసి బయటికొచ్చీయాల. మధ్యలో దూరి మాట్లాడితే మెమో ఇస్తారు."

కంచం కడిగి బోర్లించింది. లోపలికి పోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"ముందు మోగింది అవే. నేను చెయ్యలేదు. చేస్తే అవే మళ్ళీ చెయ్యాల."

నాకు జాముల్ అక్క గుర్తొచ్చింది. ఆవిడకీ గుర్తొచ్చే ఉంటుంది. అప్పట్నుంచి సాయంత్రాలు వెనక వరండాలో కుర్చీ వేసుకుని, షెడ్డు వైపు చెవి పెట్టి కూర్చునేది. రేకుల మీద మామిడాకు రాలినా తల ఎత్తేది. ఏం వింటున్నారని అడిగితే, గాలికి కూర్చున్నానంది. గాలి ముందు వరండాలో ఎక్కువ వస్తుంది. రెండేళ్ళు అలాగే కూర్చుంది. ఏమీ రాలేదు.

ఈ చలికాలం గుండె నీరసించి ఆస్పత్రిలో చేరింది. ఒక మధ్యాహ్నం నేను మంచం పక్కన కూర్చుని బ్లాకు కబుర్లు చెబుతున్నాను. పై క్వార్టరు మనవరాలు మెట్లు దిగటం నేర్చుకుందని చెబుతుంటే చెయ్యి కాస్త ఎత్తి "హోల్డ్ చెయ్యి" అంది. కళ్ళు మూసుకుంది. నేను మాట ఆపి హోల్డులో ఉన్నాను. నర్సు వచ్చి చూసి నాకు చెప్పేదాకా అలాగే ఉన్నాను.

స్లాబు సంగతికి వస్తే, నేను అడ్డుపడలేదు. బిజ్జులు పళ్ళు తింటాయని సమాధి పక్కన నిలబడి ఉపన్యాసం ఇచ్చే ఓపిక లేదు. ఆంటీ అక్క కొడుకు జాముల్‌లో సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనిచేస్తాడు. బస్తాలు అతనే తెచ్చాడు. పిన్నితో మాటల్లేకుండా పెరిగినవాడు, దగ్గరుండి ఇసుక కలిపించాడు. చీకటి పడేవేళకి మిస్త్రీ స్లాబు పోసి నున్నగా చేశాడు. మర్నాడు పొద్దున్న నీళ్ళు చల్లటానికి నేనూ మిస్త్రీ వెళ్ళాం.

స్లాబు మీద అడుగులున్నాయి. గుండ్రటి చిన్న పాదాలు, అయిదేసి వేళ్ళు, గోళ్ళ గీతలు. చెట్ల వైపు నుంచి ఎక్కి అడ్డంగా నడిచి అటు దిగిపోయాయి. అంచుల్లో మట్టి చెదరలేదు, ఎక్కడా గీకలేదు. నడిమధ్యన మాత్రం ముందుకాళ్ళు రెండూ పక్కపక్కనే, మిగతావాటికన్నా లోతుగా పడ్డాయి. అక్కడ కాసేపు ఆగినట్టుంది.

అది మా రెంటిలో ఒకటని నేను అనను. మామిడిచెట్టున్న ప్రతిచోటా భిలాయిలో ఒక బిజ్జు ఉంటుంది. కానీ నా కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోలేదు.

అడుగులు చెరిపెయ్యటానికి మిస్త్రీ తాపీ తీశాడు. "మిటా దూఁ, భయ్యా? గీలా సిమెంట్ డాల్ కే బరాబర్ హో జాయేగా."

"రహనే దో" అని ఆపాను. "ఆంటీ కే లియే ఫోన్ ఆయా థా."

ఆంటీకి ఫోనొచ్చిందనగానే మిస్త్రీ జేబులోంచి తన ఫోను తీసి చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.